కొరియన్ నేర్చుకోవడానికి పెనుకొండ దాకా

తిరిగొచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో అందరూ ఒకే మాట అడుగుతున్నారు, లేపాక్షి నందిని చూడ్డానికి అన్ని రోజులు పట్టిందా అని. నందిని చూశాను. దాని మెడలో గంటలు, వీపు మీద గొలుసులు, అన్నీ చూశాను. కానీ నేను వెళ్లింది దానికోసం కాదు. ఒక పరాయి భాషని ఏ దారిన నేర్చుకుంటే వస్తుందో తేల్చుకోవడానికి వెళ్లాను. ఈ మాట చెబితే మా పక్కింటావిడ నా వంక జాలిగా చూసింది.

ముందు నా సంగతి చెప్పాలి. నేను విజయవాడలో టూరిస్టు గైడుని. అమరావతి, ఉండవల్లి నా ఇలాకా. పదిహేనేళ్లుగా ఇంగ్లీషులో, హిందీలో చెబుతున్నాను. నా నోటికి మూత లేదని మా అత్తగారి అభిప్రాయం, అయితే ఇల్లు నడిచేది చాలావరకు ఆ నోటి మీదే. చలికాలంలో కొరియా నుంచి బౌద్ధ యాత్రికులు అమరావతి స్తూపం చూడ్డానికి వస్తారు. కిందటేడు వాళ్ల కోసం కష్టపడి ఇరవై నిమిషాల ప్రసంగం కొరియన్‌లో బట్టీ పట్టాను. ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పి, నన్ను మించిన గైడు లేదని విర్రవీగాను.

వాళ్లు వెనక్కి వెళ్లాక ట్రావెల్స్ మూర్తిగారికి ఉత్తరం రాశారు. మీ గైడు చక్కగా మాట్లాడుతుంది, కానీ మేం ఏం అడిగినా వినిపించుకోదు అని. అందులో ఒక పెద్దావిడ సంగతి కూడా ఉంది. కాస్త కూర్చునే చోటు ఎక్కడుందని ఆవిడ మూడుసార్లు అడిగిందట. మూడుసార్లూ నేను నవ్వి, పక్క శిల్పం దగ్గరికి నడిచానట. నిజమే, నాకు గుర్తుంది. నన్ను మెచ్చుకుంటోందని అనుకున్నాను.

ఈ ఏడు అడిగినదానికి బదులు చెప్పగలిగితేనే ఆ బృందాలు నాకు, లేకపోతే హైదరాబాదు నుంచి ఇంకొకతన్ని పిలిపిస్తానని మూర్తిగారు మొహం మీదే చెప్పారు. ఆ నాలుగు నెలల పని పోతే మాకు ఏడాది పోయినట్టే. బెంగళూరులో రెండు నెలల కోర్సు ఒకటి ఉందని, సోమవారం లోపల చేరాలని మా ఆయన కనుక్కొచ్చాడు. చేరేవాళ్లమే. కానీ మూర్తిగారి దగ్గర పనిచేసే డ్రైవరు ఒక మాట అన్నాడు. కొరియావాళ్లు కారు ఫ్యాక్టరీ పెట్టాక పెనుకొండ దగ్గర రోడ్డు పొడుగునా కొరియా అక్షరాల బోర్డులున్నాయని, పుట్టపర్తిలో చెప్పులమ్మేవాళ్లు కూడా ఇటలీ భాష మాట్లాడతారని. బడి మెట్లు ఎక్కనివాళ్లకి వచ్చిన భాష నాకెందుకు రాలేదు? ఆ ప్రశ్న నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఐదు రోజులు తిరిగి చూసి, అటునుంచి అటే బెంగళూరు వెళ్లి చేరతానని చెప్పి, ఒక చిన్న సంచీ, నా ప్రసంగం రాసుకున్న నోటుబుక్కు పట్టుకుని బయల్దేరాను.

ధర్మవరం: ఏడిచే భాష

మా పక్కింటి చీరల వ్యాపారికి సరుకు ఇచ్చే మల్లికార్జున గారింట్లో దిగాను. ఇంట్లో సగం మగ్గానిది, మిగతా సగంలో మనుషులు సర్దుకుంటారు. వీధి మొదట్లో ఉన్న చిన్న హోటల్లో నాకు ఉగ్గాని పెట్టించారు. మా వైపు మరమరాలంటే పిల్లలు జేబుల్లో పోసుకుని తినే చిరుతిండి. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నానబెట్టి, పిండి, ఉల్లిపాయ పోపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. ప్లేటు ముప్పై రూపాయలు. గుంటూరు మిరపకాయ తిని పెరిగినదాన్ని, మీ కారం నాకో లెక్కా అని ఒక బజ్జీ అమాంతం కొరికాను. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే హోటలాయన ఇంకో రెండు చెంచాల పుట్నాల పొడి వేశాడు. రెండో ప్లేటూ తిన్నాను.

ఆ ఇంట్లో మొదటి పూటే ఒక తప్పు చేశాను. మా కాలవల సీమలో గ్లాసులో మిగిలిన నీళ్లని వాకిట్లోకి విసరడం అలవాటు. అలాగే విసిరాను. ఇంటావిడ కాసేపటికి నా పక్కన ఒక ఖాళీ బకెట్టు పెట్టి వెళ్లింది. చేతులు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, గ్లాసులో మిగిలినవి అన్నీ అందులో చేరతాయట, సాయంత్రం కరివేపాకు చెట్టుకి పోతాయట. ఆ సిగ్గుతో ఆ ఇంట్లో ఉన్నంతసేపూ గ్లాసు అడుగంటా తాగాను.

వాళ్లమ్మాయి భార్గవి డిగ్రీ చదువుతోంది. మధ్యాహ్నం పూట పట్టు నూలు కండెలకి చుడుతుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఎదురుగా గోడకి ఆనించిన ఫోన్లో కొరియా సీరియల్. కింద అక్షరాలు కనపడకుండా ఫోనుకి సగం దాకా అట్టముక్క అడ్డం పెట్టుకుంది. ఎందుకంటే చదివితే చెవి పనిచేయదట. వాళ్లు ఏమంటున్నారో చెప్పమంటే గడగడా చెప్పేసింది. ఆ నాయిక అత్తగారిని ఏమని దెప్పింది, ఆ అత్తగారు లోపల ఏమనుకుంది, అన్నీ. నాకు ఒళ్లు పులకరించింది. దొరికింది నా దారి అనుకున్నాను. మర్నాడంతా ఆ పిల్ల పక్కనే కూర్చుని కండెలు అందిస్తూ ఏకబిగిన ఆరు భాగాలు చూశాను. అందరూ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను.

సాయంత్రం ఊరికే అడిగాను, నాకు మంచినీళ్లు కావాలి అని కొరియన్‌లో ఎలా అడగాలమ్మా అని. భార్గవి కండె ఆపింది.

"సీరియల్లో ఆళ్లు నీళ్లు అడగరు ఆంటీ. ఏడుస్తారు. గ్లాసు ఎదురుగానే ఉంటాది."

ఇద్దరం నవ్వుకున్నాం. తను ఇంతవరకు ఒక్క కొరియా మనిషితోనూ మాట్లాడలేదట. పెనుకొండ ఇంత దగ్గర గదా, ఎప్పుడైనా వెళ్లి పలకరించొచ్చు గదా అంటే తల అడ్డంగా ఊపింది. వినడానికైతే ఎంతసేపైనా వింటుందట, నోరు తెరవాలంటే మాత్రం ఒక్క మాటా బయటికి రాదట. నాది సరిగ్గా దీనికి తిరగేసిన జబ్బు. ఆ పిల్ల చెవులు, నా నోరు కలిపి ఒక మనిషిని చేస్తే ఎంత బాగుండు అనిపించింది.

కొత్తచెరువు మీదుగా పుట్టపర్తి: బోణీ మాట

బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన తలపాగా సర్దుకుంటూ యాడికి పోతాండావని అడిగాడు. ఈ ప్రాంతంలో మొహమాటాలు లేవు, ఎవరు ఎవర్నైనా ఏదైనా అడుగుతారు. కొరియా భాష నేర్చుకునే దారి వెతుకుతున్నానని చెప్పాను. దానికి దుడ్లు వస్తాయా అన్నాడు. వస్తాయన్నాను. అయితే నేర్చుకో, అని ఆ విషయం అంతటితో తేల్చేసి కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టాడు. బయట రాళ్లగుట్టలు, వాటి మధ్య వేరుశనగ చేలు. మొక్కలు జానెడు ఎత్తున ఆకులు ముడుచుకుని ఉన్నాయి. పూత మీద ఒక్క వాన పడితే చాలని, అది పదిహేను రోజులుగా పడలేదని ఆయన చెప్పాడు. కొత్తచెరువులో దిగిపోతూ తన సంచీలోంచి దోసెడు ఉడకబెట్టిన శనక్కాయలు తీసి నా ఒళ్లో పోశాడు.

పుట్టపర్తిలో ఆశ్రమం ఎదురు వీధుల్లో పొద్దున్నే కాసేపు నోరు తెరుచుకుని తిరిగాను. పూసల దండలమ్మే ఆవిడ రష్యన్‌లో బేరమాడుతోంది. టీ కొట్టతను నన్ను చూసి హిందీలో, నా వెనకాయన్ని చూసి స్పానిష్‌లో పలకరించాడు. మా ఊళ్లో ఇంగ్లీషు మీడియం బళ్ల ముందు పిల్లల్ని చేర్చడానికి వరసలు కట్టిన తల్లిదండ్రుల్ని ఇక్కడికి తీసుకొచ్చి నిలబెట్టాలనిపించింది.

నూలు బట్టల దుకాణం ఆదినారాయణ గారు అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. నేనే ఆయనకి మొదటి బేరం. నూట యాభై పెట్టి ఒక చేతిసంచీ కొన్నాను. డబ్బు కళ్లకద్దుకుని గల్లాలో వేసి, ఇంకా నిలబడే ఉన్నాడు. బోణీ చేసినవాళ్లు డబ్బుతో పాటు ఒక మాట కూడా ఇవ్వాలట. ఏ భాషదైనా పర్వాలేదట. నా దగ్గర ఉన్నవాటిలో కొరియన్‌లో ధన్యవాదాలు చెప్పే మాట ఇచ్చాను. షట్టరు పక్క గోడ మీద సుద్దముక్కతో దాన్ని తెలుగులో రాసుకున్నాడు. సాయంత్రం షట్టరు దించే లోపల ఆ మాటని మూడుసార్లు ఎవరితోనైనా వాడాలి, వాడితే చెరిపేస్తాడు. వాడకపోతే మర్నాడు కూడా అదే మాట. ముప్పై ఏళ్ల నుంచి ఇదే పద్ధతి. ఇటలీ భాష, రష్యన్, స్పానిష్ ఇలాగే వచ్చాయట.

ఇంత అందమైన బడి నేనెక్కడా చూడలేదు. రోజుకొక మాట, మూడు వాడకాలు! మా ఆయనకి ఫోన్ చేసి ఇదే నా పద్ధతి, బెంగళూరు లేదు గింగళూరు లేదు అన్నాను. నిన్న సీరియల్ అన్నావు గదా అని ఆయన గుర్తుచేశాడు.

మధ్యాహ్నం వ్యాపారం పలచబడ్డాక ఆదినారాయణ గారు ఇంకో సంగతి చెప్పాడు. ఏటా వచ్చే ఇటలీ ఆవిడ ఒకరుంది. భార్యాభర్తలు కలిసి వచ్చేవారు. ఇరవై ఏళ్ల పరిచయం. మొన్న చలికాలం ఆవిడ ఒక్కతే వచ్చింది. దుకాణంలో ఈ బల్ల మీదే కూర్చుంది.

"ఆయమ్మ ఏడుస్తా కూర్చున్నాది. నాకు వచ్చిన ఇటలీ మాటలన్నీ కలేసి వెతికినా. అన్నీ రేట్లు, సైజులు, రంగులే అమ్మా. ఒగటి గూడా పనికి రాలా. ఊరికే నీళ్లిచ్చి పక్కన నిలబడితి."

ఆ రోజు బోణీ మాటలు రాసుకోవడం మానేద్దామనుకున్నాడట, కానీ మానలేకపోయాడు. ఆయన పద్ధతిలో తప్పు లేదు, దుకాణానికి సరిపోయేంత భాష దుకాణంలో దొరుకుతుంది. నాకు కావలసింది ఏడిచే మనిషి పక్కన, ఎండలో నిలబడలేని మనిషి పక్కన పనికొచ్చే భాష. అది ఎవరి గల్లాపెట్టెలో ఉంటుందో తెలియక మళ్లీ సంచీ భుజాన వేసుకున్నాను.

లేపాక్షి: నా అద్దం

శనివారం పొద్దున్నే లేపాక్షి చేరాను. నందిని చూసి, గుడికి వెళ్తే గైడు హనుమంతరాయప్ప ఎదురయ్యాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. నేనూ గైడునే అనగానే నా దగ్గర డబ్బు తీసుకోనన్నాడు. కులస్థులు కలిసినట్టు ఇద్దరం ఒక మండపంలో చేరి వృత్తి కష్టసుఖాలు మాట్లాడుకున్నాం. టిప్పులివ్వనివాళ్లని తిట్టుకున్నాం. సెల్ఫీల కోసం శిల్పాల మీద చేతులు వేసేవాళ్లని ఇంకా బాగా తిట్టుకున్నాం.

తర్వాత ఆయన వేలాడే స్తంభం గురించి ఫ్రెంచిలో చెప్పి వినిపించాడు. ఆ వెంటనే జర్మన్‌లో. ఆ వెంటనే, నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను, కొరియన్‌లో. ఎక్కడా తడబాటు లేదు. నాకంటే ఎంతో స్పష్టంగా ఉంది. ఎక్కడ నేర్చుకున్నారంటే, కారు ఫ్యాక్టరీ వచ్చాక ఒక దుబాసీ దగ్గర చెప్పించుకుని తెలుగు అక్షరాల్లో రాసుకున్నానన్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దేవుడి స్తోత్రంలా చదువుతాడట. ఏ భాష అయినా పదహైదు దినాల్లో నేర్పిస్తానన్నాడు. నా నోటుబుక్కు తీసి చూపించాను. బాగుందని, కాకపోతే ఊపిరి ఆపే చోట్లు గుర్తు పెట్టుకోవాలని సలహా ఇచ్చాడు. రెండు నెలలెందుకు, పదిహేను రోజుల్లో గంటసేపటి ప్రసంగం బట్టీ పట్టి మూర్తిగారి ముందు నిలబడతాననుకున్నాను. అప్పటికప్పుడు ఆయన్ని గురువుగా ఒప్పేసుకున్నాను.

పదకొండు దాటాక ఒక కొరియా కుటుంబం వచ్చింది. తల్లి, తండ్రి, ఐదారేళ్ల పాప. వాళ్లతో నీలం చీర కట్టుకున్న మన మనిషి ఒకావిడ, చేతిలో నీళ్ల సీసా, భుజాన బుట్ట. హనుమంతరాయప్ప చొక్కా సర్దుకుని మొదలుపెట్టాడు. నేను శిష్యురాలిలా పక్కన నిలబడ్డాను. నీలం చీరావిడ బుట్ట దింపడానికి వెనక మండపంలో ఆగిపోయింది.

గుడి కాబట్టి అందరూ చెప్పులు వదిలే వచ్చారు. నడవడానికి పీచు పట్టా పరిచి ఉంది. పాప ఆడుకుంటూ పట్టా దిగి రాతి మీదకి పోయింది. ఆ రాయి ఆ వేళకి పెనంలా కాలుతుంది. పాప ఒక్కసారి అరిచి, ఒంటికాలి మీద ఎగరడం మొదలుపెట్టింది. తల్లి ఎత్తుకుని, హనుమంతరాయప్ప వైపు తిరిగి ఆత్రంగా ఏదో అడిగింది. ఆయన ఆగాడు. ఒక క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత మళ్లీ మొదటి నుంచి, లేపాక్షికి స్వాగతం అని ఎత్తుకున్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది, ఈసారి గట్టిగా. ఆయన మళ్లీ ఆగి, మళ్లీ స్వాగతం చెప్పాడు. తండ్రి కూడా అందుకున్నాడు. మూడోసారి స్వాగతం.

ఇంక ఉండబట్టలేక నేను ముందుకు దూకాను. పాప కాళ్లకి నీళ్లు కావాలని కళ్లకి తెలుస్తూనే ఉంది. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. నా నోట్లోంచి అమరావతి ప్రసంగంలోని చక్కటి కొరియన్ వచ్చింది: ఈ శిల్పం రెండు వేల ఏళ్ల నాటిది.

ఆ తల్లి శిల్పాన్ని చూసింది, నన్ను చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

ఈలోగా నీలం చీరావిడ పరుగున వచ్చింది. పాపని అందుకుని మండపం నీడలో కూర్చోబెట్టి, సీసాలో నీళ్లు పాదాల మీద సన్నగా పోసింది. తల్లితో కొరియన్‌లో ఏదో అంది. తల్లి అడిగింది, ఈవిడ చెప్పింది, మళ్లీ అడిగింది. మధ్యలో ఒక మాట అర్థం కాలేదనుకుంటాను, చేత్తో ఆగమని సైగ చేసి మళ్లీ చెప్పించుకుంది. రెండు నిమిషాల్లో పాప నవ్వింది. ప్రసంగం లేదు, స్వాగతం లేదు.

హనుమంతరాయప్ప నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. మొహం పాలిపోయింది.

"నడిమధ్యలో ఆపితే నాకు రాదమ్మా. మళ్లీ మొదల్నుంచి ఎత్తుకోవాల్సిందే. ఇరవై ఏండ్లుగా ఇట్లే చెప్తాండా."

ఆ తప్పు గైడులం తప్ప ఇంకెవరూ చేయలేరు. నాకు ఆయన మీద కోపం రాలేదు, నా మీదే బోలెడంత సిగ్గు వచ్చింది. ఇద్దరం ఒకే జాతి. ఆయన ముందు నోటుబుక్కు సంచీలో పెట్టుకుంటుంటే ఆయనా చూశాడు. గుడి బయట నాకు చెరుకురసం ఇప్పించి, పోయి ఆయమ్మనే అడుగు అన్నాడు.

పెనుకొండ రోడ్డు: వెల్లుల్లి

నీలం చీరావిడ పేరు లక్ష్మీదేవి. కొత్తచెరువు పక్క పల్లె. మూడెకరాల మెట్ట, వేరుశనగ వరసగా ఎండిపోతే నాలుగేళ్ల కింద పెనుకొండ రోడ్డు మీద కొరియా మెస్సులో గిన్నెలు తోమడానికి చేరింది. ఇప్పుడు వంటింటి పెత్తనం సగం ఆవిడదే. సెలవు రోజుల్లో కొరియా కుటుంబాలు బయటికి వెళ్తే తోడుగా వెళ్తుంది. ఎలా నేర్చుకున్నావని అడిగితే, చెప్తే తెలీదు, రేపొచ్చి చూడు అంది.

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. పెనుకొండ కొండ కనపడే దూరంలో, రాళ్లూ తుమ్మచెట్లూ ఉన్న చోట, గుండ్రటి కొరియా అక్షరాల బోర్డు. లోపల ఒక భోజనం నాలుగు వందలు. ఒక చారు, అన్నం, చిన్న చిన్న గిన్నెల్లో ఏడెనిమిది రకాల కూరలు. గిన్నెలు ఖాళీ అయితే అడక్కుండానే మళ్లీ నింపుతారు. ఇది మాత్రం అచ్చం మా పెళ్లి విందుల పద్ధతి. పుల్లలతో తినబోయి ఒక ముల్లంగి ముక్కని పక్క బల్ల దాకా విసిరేశాను. అక్కడ కూర్చున్న కొరియా ఇంజనీరు దాన్ని తీసి మర్యాదగా నా గిన్నె పక్కన పెట్టాడు.

మెస్సు నడిపే పెద్దావిడని అందరూ హల్మొని అంటారు, అంటే అమ్మమ్మ. డెబ్బై ఏళ్లుంటాయి. వంటింట్లోకి అడుగు పెట్టగానే ఆవిడ కూరగాయలు తెచ్చిన ఆటో అతన్ని కేకలేస్తోంది.

"ఏమప్పా, ఆడ యాల పెడతాండావు? ఈడ పెట్టు, ఈడ!"

నేను గుమ్మంలో నిలబడిపోయాను. కొరియా నుంచి వచ్చిన అమ్మమ్మ అనంతపురం తెలుగు ధారాళంగా మాట్లాడుతోంది. ఎవరు నేర్పారంటే ఎవరూ నేర్పలేదన్నారు. లక్ష్మీదేవికి ఆవిడ, ఆవిడకి లక్ష్మీదేవి. నాలుగేళ్లు ఒకే గిన్నెల మధ్య. దేవుడా, ఇంతసేపూ ఇది ఇక్కడ ఉందా అనిపించింది.

ఆ రోజు క్యాబేజీ ఊరగాయ పెట్టే రోజు. ఉప్పులో నానిన ఆకుల మధ్య కారం ముద్ద పట్టించాలి. మా ఆవకాయ రోజుల్లాగే అందరూ నేల మీద కూర్చుని, పెద్ద పెద్ద బేసిన్లు పెట్టుకుని, ఒకటే హడావుడి. నాకు వెల్లుల్లి ఒలిచే పని ఇచ్చారు. పని జరుగుతున్నంతసేపు వంటింట్లో అంతా కొరియనే. హల్మొని ఏదో అడుగుతుంది, వీళ్లు ఏదో అంటారు, సగం మాటలు, సగం చేతులు. లక్ష్మీదేవి ప్రతి ఐదు నిమిషాలకి ఒకసారి ఆవిడని ఆపి మళ్లీ చెప్పించుకుంటోంది. నాలుగేళ్ల తర్వాత కూడా. హల్మొని విసుక్కుంటుంది, కానీ చెబుతుంది.

మధ్యాహ్నం లక్ష్మీదేవి తన డబ్బా విప్పి రాగి సంగటి, ఊరిబిండి అనే శనక్కాయల పచ్చడి నాకూ పెట్టింది. నా నోటుబుక్కు, బెంగళూరు కోర్సు, అన్నీ చెప్పుకున్నాను. సంగటి ముద్ద విరుస్తూ వింది.

"నాకు చదువు రాదక్కా, అందుకే సిగ్గు లే. తెలీకుంటే తెలీదంటా. మళ్లీ చెప్పమంటా. పది తూర్లు చెప్పమంటా. మీరు చదువుకున్నోళ్లు. తెలీదనడానికి మీకు నోరు రాదు."

మొహం మీద కొట్టినట్టు ఉంది. పదిహేనేళ్లలో ఒక్క టూరిస్టుకి కూడా నాకు తెలియదని నేను చెప్పలేదు. తెలియనప్పుడల్లా పక్క శిల్పం దగ్గరికి నడిచాను. బెంగళూరులో ఏముంటుందో అప్పుడు నాకు కనపడింది. ఇంకా మంచి వాక్యాలు ఇస్తారు, నేను ఇంకా బాగా బట్టీ పడతాను, ఇంకా పెద్ద ప్రసంగం తయారవుతుంది. ఫస్టు మార్కు నాదే అవుతుంది.

ఇక్కడ ఉండిపోతే ఏమవుతుందని అడిగాను. రెండు పూటలా భోజనం, వెనక గదిలో తనతో పాటు చాప, జీతం లేదంది లక్ష్మీదేవి. హల్మొని ఒప్పుకుంటుందో లేదో ఆవిడే చెప్పాలంది. నోటుబుక్కు మటుకు బయట పెట్టి రావాలంది.

బయటికి వెళ్లి మూర్తిగారికి ఫోన్ చేశాను. లైసెన్సున్న గైడువి, పోయి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతావా, రేపు నీ చేతిలో సర్టిఫికెట్ ఏముంటుంది అన్నారు. వెల్లుల్లి అన్నాను. కార్తీకం దాటాక మొదటి బృందం నాయకురాలితో ఫోన్లో మాట్లాడిస్తానని, బదులు చెప్పలేకపోతే హైదరాబాదు మనిషేనని, అందులో మొహమాటం ఉండదని చెప్పి పెట్టేశారు. మా ఆయన మాత్రం ఇది ఎన్నో పద్ధతి అని అడిగాడు. నాలుగోది అన్నాను. ఐదోది ఉంటుందా అన్నాడు. చేతిలో బెంగళూరు టికెట్టు ఉంది, పొద్దున ఆరింటికి బస్సు.

లోపలికి వచ్చేసరికి పని అయిపోవచ్చింది. హల్మొని బేసిన్ల మీద మూతలు పెట్టిస్తోంది. నన్ను చూసి ఏదో అంది. కొరియన్‌లోనే. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లతో ఆవిడ తెలుగు మాట్లాడదని లక్ష్మీదేవి ముందే చెప్పింది.

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మొహం మీదకి నవ్వు దానంతటదే వచ్చేసింది, కాళ్లు పక్క బేసిను వైపు కదిలాయి. హల్మొని నా మణికట్టు పట్టుకుంది. కారం అంటిన చేయి. నవ్వలేదు, వదల్లేదు, ఊరికే చూస్తూ ఆగింది. లక్ష్మీదేవి వైపు చూశాను. ఆవిడ తల దించుకుని నేల కడుగుతోంది.

అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అన్నాను. లక్ష్మీదేవి నోట ఆ రెండు ముక్కల కొరియన్ పొద్దున్నుంచి వందసార్లు విన్నాను, అయినా నా నోట్లోంచి రావడానికి చెమటలు పట్టాయి. ఆవిడ మళ్లీ చెప్పింది. మళ్లీ చెప్పండి అన్నాను. ఈసారి నిదానంగా చెప్పింది. ఇంకొక్కసారి అన్నాను. అప్పుడు ఆవిడ గుమ్మం వైపు, పొద్దు వాలుతున్న కొండ వైపు చేయి చూపించి, ఆ చేతినే చుట్టూ తిప్పి తూర్పుకి తెచ్చి, నన్ను, తర్వాత నేను ఒలిచిన వెల్లుల్లి గిన్నెని చూపించి, అదే మాట నాలుగోసారి అంది.

రేపు వస్తావా అని అడుగుతోంది.

వస్తాను అన్నాను. కొరియన్‌లో నేను చెప్పిన మొదటి జవాబు అది.

హల్మొని నా చేయి వదిలేసి, ఇంకో బుట్ట వెల్లుల్లి నా ముందు పెట్టింది. మర్నాడు పొద్దున ఆరింటి బస్సు మెస్సు ముందు నుంచే పోయింది. హారను విని తలెత్తాను గానీ, చేతిలో పని సగంలో ఉంది.